పల్లెలో ఇల్లు కడుతున్నారా? ముగ్గు పోసే ముందు ఈ వరస చూసుకోండి

"మన ఊళ్లో, మన స్థలంలో కట్టుకోవడానికి పర్మిషనేంటండీ, ఎవరడుగుతారు?" ఈ మాట వినపడని పల్లె ఉండదు. నిజమే, పునాది తీసే రోజున ఎవరూ అడగరు. అడిగేవాళ్లు తర్వాత వస్తారు. మీటరుకు దరఖాస్తు పెడితే కరెంటు ఆఫీసువాళ్లు అడుగుతారు. పై అంతస్తుకు లోను కావాలంటే బ్యాంకువాళ్లు అడుగుతారు. పక్కింటివాళ్లతో మాట తేడా వస్తే వాళ్ల లాయరు అడుగుతాడు. రేపు పిల్లలు అమ్ముకోబోతే కొనేవాడు అడుగుతాడు. అప్పటికి స్లాబు వేసేసి ఉంటారు, బోరు దిగిపోయి ఉంటుంది. ఏదీ ఒక అడుగు జరిపే వీలుండదు.

అందుకే ఈ వ్యవహారంలో కిటుకంతా వరసలో ఉంది. ముందు నేల, తర్వాత కరెంటు తీగలు, ఆపైన నీళ్లు, మురుగు, అప్పుడు ప్లాను. మేస్త్రీ ఆఖరున. మనవాళ్లు సాధారణంగా దీన్ని తిరగేస్తారు: ముందు ముహూర్తం, వెంటనే మేస్త్రీ, కాగితాల సంగతి "తర్వాత చూద్దాంలే". ముహూర్తం పెట్టుకోవద్దని కాదు, కింద చెప్పిన పనులు తేలాక పెట్టుకోండి.

ఇందులో ఎక్కువగా చెప్పింది ఆంధ్రప్రదేశ్ పద్ధతి. తెలంగాణలో తేడా ఉన్నచోట ఆ సంగతి అక్కడే చెబుతాను.

1. ఆ నేల ఏ రకమో తేల్చండి

ఊళ్లో ఇల్లు కట్టే స్థలం సాధారణంగా నాలుగు రకాల్లో ఏదో ఒకటై ఉంటుంది. ఒక్కోదానికి ఒక్కో దారి.

మొదటిది గ్రామకంఠం, అంటే పాత ఇళ్లున్న ఊరి నడిబొడ్డు. ఇక్కడ స్థలం ఉన్నవాళ్లు అడంగల్లోనో 1బీలోనో తమ పేరు వెతుక్కుని, కనబడక కంగారు పడుతుంటారు. కనబడదు. రెవెన్యూ రికార్డులో ఆ సర్వే నంబరు మొత్తానికీ గ్రామకంఠం అని ఒక్క మాట ఉంటుంది, లోపల ఎవరిది ఎన్ని గజాలన్నది ఉండదు. కాబట్టి ఇక్కడ మీకు ఆధారం రిజిస్టరైన దస్తావేజు, దానికి తోడు పంచాయతీ రిజిస్టర్లో మీ ఇంటి అసెస్‌మెంటు. ఇంటి పన్ను రసీదు ఒక్కటే ఉంటే సరిపోతుందనుకోకండి. అది మీరు పన్ను కట్టారని చెబుతుంది, స్థలం మీదని చెప్పదు.

గ్రామకంఠంలో అసలు చిక్కు వేరే. ఇల్లు తాత పేరున ఉంటుంది, అన్నదమ్ములు ఎప్పుడో పెద్దమనుషుల ఎదుట తెల్లకాగితం మీద పంచుకుని ఉంటారు. ఆ కాగితాన్ని నమ్ముకుని పాత పెంకుటిల్లు పడగొట్టి డాబా లేపితే, ఇరవయ్యేళ్ల తర్వాత మేనత్త కొడుకు వాటా అడిగితే ఏం చెబుతారు? ఆడపిల్లల సంతకాలు కూడా తీసుకుని పంపకాన్ని రిజిస్టరు చేయించండి. పాత ఇల్లు నిలబడి ఉండగా సంతకం పెట్టడానికి అభ్యంతరం లేనివాళ్లు, కొత్త డాబా లేచాక లెక్క మార్చుకుంటారు. అలాగే 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద ఊరి నివాస ప్రాంతాలను డ్రోన్లతో కొలుస్తున్నారు. మీ ఊళ్లో ఆస్తి కార్డులు వచ్చి ఉంటే అందులో కొలతలూ దస్తావేజులో కొలతలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే అర్జీ పెట్టండి.

రెండోది వ్యవసాయ పట్టా భూమి. పొలం గట్టున, రోడ్డు పక్కన నాలుగు సెంట్లు చదును చేసి కట్టేస్తుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటివాటికి 2006 నాటి నాలా చట్టం (వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చుకునే చట్టం) కింద భూ వినియోగ మార్పిడి తప్పనిసరిగా ఉండేది. 2025లో ఆ చట్టాన్నే రద్దు చేశారు, ప్లాను అనుమతి సమయంలోనే అభివృద్ధి రుసుము తీసుకునే పద్ధతి తెచ్చారు. నాలా పోయింది కదా అని అనుమతి కూడా పోయిందనుకునేవాళ్లు కనబడుతున్నారు. పోలేదు. తెలంగాణలో నాలా మార్పిడి ఇప్పటికీ ఉంది, భూభారతి పోర్టల్లో దరఖాస్తు చేసుకోవాలి. ఇక్కడో జాగ్రత్త: ఇల్లు కట్టే గుంటలకు మాత్రమే మార్పిడి అడగండి. ఎకరం మొత్తం మార్పించుకుంటే ఆ ఎకరానికి రైతుగా వచ్చే పెట్టుబడి సాయం ఆగిపోతుంది.

మూడోది లేఅవుట్ ప్లాటు. "పంచాయతీ అప్రూవ్డ్ లేఅవుటండీ" అని బ్రోచరు చేతిలో పెడతారు. పంచాయతీ తనంతట తాను లేఅవుట్ ఆమోదించలేదు. టౌన్ ప్లానింగ్ శాఖ నుంచి గానీ, ఆ ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉంటే ఆ సంస్థ నుంచి గానీ సాంకేతిక ఆమోదం రావాలి. "ఎల్పీ నంబరు ఎంత?" అని అడగండి, అది లేఅవుట్ ఆమోదానికిచ్చే నంబరు. నంబరు చెప్పకుండా మాట దాటేస్తే అది అనధికార లేఅవుటే. రోడ్లూ, ఖాళీ స్థలమూ పంచాయతీ పేరున రాసిచ్చిన దస్తావేజు కూడా చూపించమనండి. అది లేకపోతే రేపు మీ ఇంటి ముందు రోడ్డునే ప్లాటుగా కోసి అమ్మినా ఆశ్చర్యం లేదు.

నాలుగోది ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూమి లేదా ఇంటి పట్టా. దీన్ని కొనడం, అమ్మడం 1977 చట్టం ప్రకారం నిషేధం. 20 ఏళ్లు దాటిన సాగు భూములకు ఆంధ్రప్రదేశ్ 2023లో సడలింపు తెచ్చిన మాట నిజమే. అది మీ సర్వే నంబరుకు వర్తించిందో లేదో తహసీల్దారు కార్యాలయంలో చూసుకోవాలి, పక్క పొలానికి వచ్చింది కాబట్టి మనకూ వచ్చినట్టే అనుకోకూడదు. రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ కింద నిషేధిత జాబితాలో మీ నంబరు ఉందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లోనే కనబడుతుంది. 1983 నుంచి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) కూడా అక్కడే తీసుకోవచ్చు. ఈ రెండూ చూడకుండా ఒక్క రూపాయి బయానా ఇవ్వకండి.

రకం తేలాక కొలత. పొలమైతే మీసేవలో గానీ గ్రామ సచివాలయంలో గానీ ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి సర్వేయరు చేత హద్దులు వేయించండి. చుట్టుపక్కలవాళ్లకు నోటీసులు వెళ్తాయి, వాళ్ల ఎదుటే కొలుస్తారు. ప్రైవేటు సర్వేయరుతో కొలిపిస్తే పని త్వరగా అవుతుంది గానీ తగాదా వస్తే ఆ కొలతను అవతలివాళ్లు ఒప్పుకోరు. రాళ్లు పాతించాక హద్దుదారులందరూ కనబడేలా ఒక ఫొటో తీసుకోండి.

2. స్థలం మధ్యలో నిలబడి తలెత్తి చూడండి

పల్లెల్లో అందరూ తేలిగ్గా తీసుకునేదీ, ప్రాణాల మీదికి తెచ్చేదీ ఇదే. స్థలం మీదుగానో పక్కగానో తీగలు పోతున్నాయా? పోతుంటే అవి ఏ తీగలు?

కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనల ప్రకారం ఇళ్లకు కరెంటిచ్చే మామూలు ఎల్టీ తీగ మీ కట్టడం మీదుగా పోతుంటే, కట్టడంలో అన్నిటికన్నా ఎత్తయిన చోటు నుంచి 2.5 మీటర్లు పైన ఉండాలి. పక్క నుంచి పోతుంటే 1.2 మీటర్లు, అంటే 4 అడుగులు దూరం ఉండాలి. 11 కేవీ లైనుకు పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు. 33 కేవీ అయితే పైన అదే 3.7, పక్కన 2 మీటర్లు. పక్క దూరం గోడ నుంచి కాదు, తీగకు దగ్గరగా పొడుచుకొచ్చిన భాగం నుంచి లెక్క. సన్‌షేడు, బాల్కనీ, మెట్లు, వాటర్ ట్యాంకు దిమ్మె అన్నీ లెక్కలోకొస్తాయి.

"మాది ఒక్క అంతస్తే కదా, పైన ఎల్టీ తీగే కదా" అంటారా? లెక్క వేద్దాం. బేస్‌మెంటు 2 అడుగులు, గది స్లాబుతో కలిపి పదిన్నర, పిట్టగోడ 3. మొత్తం 15 అడుగులన్నర, అంటే సుమారు 4.7 మీటర్లు. దానికి 2.5 కలిపితే తీగ కనీసం 7.2 మీటర్ల ఎత్తున ఉండాలి. మన ఊళ్లలో ఎల్టీ లైన్లకు మామూలుగా వాడే సిమెంటు స్తంభం పొడవు 8 మీటర్లు, అందులో మీటరున్నర దాకా భూమిలో ఉంటుంది. అంటే స్తంభం కొసే 6.5 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. రెండు స్తంభాల నడుమ తీగ వేలాడుతుంది కాబట్టి మీ స్థలం మీద ఇంకా కిందికి ఉంటుంది. ఇక ఎండాకాలం మధ్యాహ్నం మరీ కిందికి దిగుతుంది. కాబట్టి ఒక్క అంతస్తుకే చాలదు. మెట్ల గది లేపితే సంగతి చెప్పక్కర్లేదు.

స్లాబు వేసేటప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. ఇనుప కడ్డీ దుకాణం నుంచి 12 మీటర్ల పొడవున వస్తుంది, దాదాపు 40 అడుగులు. నిలబెట్టి పైకి అందిస్తే కింది నుంచే 11 కేవీ తీగను తాకుతుంది. తగలక్కర్లేదు కూడా, దగ్గరగా వెళ్లినా చాలు. తీగ ఎత్తు చూద్దామని మీరు కర్రకు టేపు కట్టి పైకెత్తే పని మాత్రం చేయకండి. సచివాలయంలో ఉండే ఎనర్జీ అసిస్టెంటుకో, లైన్‌మన్‌కో చెబితే వాళ్లే వచ్చి కొలుస్తారు.

లైను అడ్డమని తేలితే కరెంటు సెక్షన్ ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకి) లైను మార్చమని దరఖాస్తు ఇవ్వండి. వాళ్లు ఎస్టిమేటు వేస్తారు, ఆ ఖర్చు మీదే. కరెంటోళ్ల భాషలో దీన్ని డీసీడబ్ల్యూ పని అంటారు, అంటే మీరు డబ్బు డిపాజిట్ చేస్తే వాళ్లు చేసిపెట్టే పని. చేతిలో కొంత పెట్టి లైన్‌మన్‌తో తీగను "కొద్దిగా పక్కకి లాగించే" పద్ధతి ఊళ్లలో ఉంది. దానికి కాగితం ఉండదు, స్తంభం ఒంగుతుంది, మళ్లీ గాలివానకు తీగ వచ్చి మీ పిట్టగోడ మీదే పడుతుంది. రసీదు ఉన్న దారిలోనే వెళ్లండి. స్తంభం మారేదాకా ముగ్గు పోయకండి. "మారుస్తారులే" అని స్లాబు దాకా లేపి, సెంట్రింగు కర్రలతో నెలల తరబడి ఎదురుచూస్తున్న ఇళ్లు ఎన్నో.

తీగలతో పాటు చెరువు, వాగు, రైలు పట్టాలు కూడా చూసుకోండి. భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు నిండుకుండ మట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్లు వదలాలి. వాగు, కాలువ వెడల్పు 10 మీటర్లు దాటితే 9 మీటర్లు, లోపైతే 2 మీటర్లు. హద్దు ఎక్కడిదాకా అన్నది ఎండాకాలంలో నీళ్లున్నచోటు చూసి చెప్పేది కాదు, నీటిపారుదల శాఖ రికార్డు చూసి చెప్పేది. రైల్వే హద్దుకు 30 మీటర్ల లోపల కట్టాలంటే రైల్వే వాళ్ల అభ్యంతరం లేదన్న పత్రం కావాలి.

3. బోరు, సెప్టిక్ ట్యాంకు: రెండూ ఒకేసారి గుర్తు పెట్టండి

వీటిని మనం విడివిడిగా ఆలోచిస్తాం. బోరు మొదట్లో కట్టుబడి నీళ్ల కోసం వేస్తాం, సెప్టిక్ ట్యాంకు సంగతి గోడలు లేచాక గుర్తొస్తుంది. వాస్తు ప్రకారం బోరు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు చాలామంది వాయువ్యంలో పెడతారు. మీ ఇంటివరకు బాగానే ఉంది. మరి తూర్పు పక్కింటివాళ్లు? వాళ్ల వాయువ్య మూల, మీ ఈశాన్య మూల ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. వాళ్లూ వాస్తు చూసుకునే మనుషులైతే వాళ్ల సెప్టిక్ ట్యాంకు మీ బోరుకు గోడ అవతలే ఉంటుంది. కాబట్టి రెండు ప్రహరీలకు అవతల ఏం ఉందో చూసి అప్పుడు మీ బోరు పాయింటు పెట్టండి.

సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంతకూ తాగునీటి బోరుకూ మధ్య కనీసం 18 మీటర్లు ఉండాలని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే 60 అడుగులు. అయిదు సెంట్ల స్థలంలో, చుట్టూ అంతంత ఇళ్ల మధ్య అంత దూరం దొరకడం కష్టం. అందుకని నా సలహా ఇది: చిన్న స్థలమైతే బోరు నీళ్లు వాడకానికే ఉంచుకుని తాగడానికి పంచాయతీ కుళాయి నీళ్లు పట్టుకోండి. బోరు వేసేటప్పుడు కేసింగు (బోరులో దించే గొట్టం) గట్టి రాయి తగిలేదాకా దింపించి, కేసింగుకూ మట్టికీ నడుమ సందును పైభాగంలో సిమెంటు పాలతో పూడ్పించండి. బోరు బండివాళ్లు కేసింగు అడుగుల లెక్కన డబ్బులు తీసుకుంటారు కాబట్టి మనం తగ్గించమంటాం. మురికి నీళ్లు దిగేది ఆ తగ్గించిన నాలుగు అడుగుల్లోనే.

బోరుకు వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద దరఖాస్తు చేయాలి. 2002లో వచ్చిన ఈ చట్టం రెండు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. ఊరి తాగునీటి బోరుకు గానీ బావికి గానీ 250 మీటర్ల లోపల మీరు సొంత బోరు వేయాలంటే అనుమతి లేకుండా వీల్లేదు. ఊరి మధ్య ఇంటికి ఇది దాదాపు ప్రతిసారీ తగులుతుంది. బండి కూడా భూగర్భ జలశాఖలో నమోదై ఉండాలి. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చే బళ్లవాళ్లు రాత్రికి రాత్రి దించేసి తెల్లారేసరికి ఇంకో ఊరు వెళ్లిపోతారు, తర్వాత ఏ పేచీ వచ్చినా ఊళ్లో దొరికేది మీరే.

బోరు గుంతల్లో పిల్లలు పడిపోతున్న సంఘటనల మీద సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. వేసే ముందు 15 రోజులకు తగ్గకుండా కలెక్టరుకు గానీ సర్పంచికి గానీ భూగర్భ జలశాఖ అధికారులకు గానీ రాసి ఇవ్వాలి. బోరు దగ్గర బోర్డు, కంచె పెట్టాలి. కేసింగు చుట్టూ అర మీటరు చదరంగా, 30 సెంటీమీటర్లు భూమిలో, 30 పైకి ఉండేలా సిమెంటు దిమ్మె కట్టాలి. గొట్టానికి ఇనుప మూత బిగించాలి. నీళ్లు పడలేదనుకోండి, అడుగు నుంచి పై దాకా మట్టితో పూడ్చేయాలి. గోనెసంచి కప్పి వదిలేయడం పూడ్చడం కాదు.

మురుగు విషయంలో రెండు మాటలే. మరుగుదొడ్డి ఒక్కటే అయితే జంట గుంతల పద్ధతి మంచిది: ఒకటి నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని ఒకటి రెండేళ్లు వదిలేస్తే లోపలిది ఎరువవుతుంది. నీటిమట్టం పైనే ఉండే డెల్టా ఊళ్లలో, నల్లరేగడి నేలల్లో ఇది సరిగా ఇంకదు, అక్కడ సెప్టిక్ ట్యాంకే దారి. ట్యాంకు అయితే మూత ఎక్కడుంటుందో ఇప్పుడే ఆలోచించండి. దానిలోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఖాళీ చేయడానికి వచ్చేది ట్యాంకరే. ట్యాంకరు పైపు వీధిలోంచి అందాలి. ఇంటి వెనక, వంటగది కింద మూత పెడితే ఆ రోజున ఇంట్లోంచే పైపు లాగాల్సి వస్తుంది. ట్యాంకు పైనీళ్లను వీధి కాలవలోకి వదలడం మాత్రం మానండి, ఇంకుడు గుంతకు మళ్లించండి.

కుళాయి కనెక్షన్ పంచాయతీలో అడిగితే ఇస్తారు. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. కుళాయికి నేరుగా మోటారు తగిలించడం ఎక్కడా ఒప్పుకోరు. మోటారు కావాలంటే కింద సంపు కట్టుకుని దాన్నుంచి ఎక్కించుకోండి.

4. ఇప్పుడు ప్లాను

మొదటి ప్రశ్న: మీ ఊరు పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఉందా? ఊరు ఎంత మారుమూలగా కనిపించినా ఉండొచ్చు, ఇప్పుడా సంస్థల హద్దులు చాలా దూరం పోయాయి. పంచాయతీ కార్యదర్శిని అడగండి. పరిధిలో ఉంటే ఆన్‌లైన్లో, లైసెన్సున్న ఇంజినీరు ద్వారా దరఖాస్తు. లేకపోతే పంచాయతీకే. స్థలం 300 చదరపు మీటర్లు, ఎత్తు 10 మీటర్లు దాటకపోతే పంచాయతీ స్థాయిలో అనుమతి వస్తుంది. 300 చదరపు మీటర్లంటే 359 గజాలు, ఏడు సెంట్ల పైచిలుకు. అది దాటితే టౌన్ ప్లానింగ్ సాంకేతిక ఆమోదం కావాలి. తెలంగాణలోనూ పంచాయతీల హద్దు ఇదే.

దరఖాస్తుతో దస్తావేజు నకలు, ఈసీ, స్థలం స్కెచ్చు, ప్లాను, పాత పన్నుల రసీదులు పెట్టండి. దరఖాస్తు అందినట్టు తేదీతో రసీదు తీసుకోండి. ఇది చాలామంది అడగరు, తర్వాత "మీరెప్పుడిచ్చారు?" అనే ప్రశ్నకు జవాబుండదు. నోటిమాటగా "కట్టుకోండి, ఏం కాదు" అనే అనుమతికి విలువ లేదు. సర్పంచి మారితే ఆ మాటా పోతుంది. అనుమతి పత్రం మీద గడువు రాసి ఉంటుంది, ఆ లోపల కట్టలేకపోతే ముందే పొడిగింపు అడగండి. ఖర్చుల్లో నిర్మాణ విలువ మీద 1 శాతం కార్మిక సంక్షేమ సెస్సు కూడా ఉంటుంది, మినహాయింపు మీ ఇంటికి వర్తిస్తుందేమో అక్కడే అడగండి.

చుట్టూ ఎంత ఖాళీ వదలాలన్నది స్థలం విస్తీర్ణాన్ని, రోడ్డు వెడల్పును బట్టి మారుతుంది. కార్యదర్శి దగ్గరో ఇంజినీరు దగ్గరో ఆ పట్టిక చూపించమని అడిగి, మీ స్థలానికి ఎంతో ప్లాను మీదే రాయించండి. పల్లెల్లో తగాదాలు అసలు గోడల దగ్గర కాదు, పైనుంచి వచ్చేవాటి దగ్గర మొదలవుతాయి: మీ సన్‌షేడు వాళ్ల స్థలంలోకి పొడుచుకొస్తుంది, మీ చూరు నీళ్లు వాళ్ల గోడ మీద పడతాయి, మీ కిటికీ వాళ్ల పెరట్లోకి తెరుచుకుంటుంది. పాత ఇంటి కిటికీ, నడకదారి, నీళ్లు పోయే దారి 20 ఏళ్లపాటు అడ్డూ ఆపూ లేకుండా వాడుకలో ఉంటే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం కింద హక్కుగా మారొచ్చు. మీరు పాత ఇల్లు పడగొట్టేముందు అలాంటివి ఏం ఉన్నాయో ఫొటోలు తీసి పెట్టుకోండి. పక్కవాళ్లకున్న అలాంటి హక్కును మూసేసేలా మీరూ గోడ లేపకండి.

ఇంకొకటి, బేస్‌మెంటు ఎత్తు. సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు మీదే ఇంకో ఆరంగుళాలు పోస్తారు. రోడ్డు నడిమి ఎత్తు నుంచి రెండున్నర, మూడు అడుగులు పైన ఉండేలా బేస్‌మెంటు పెట్టుకోండి. అప్పుడు మెట్లూ ర్యాంపూ పొడవవుతాయి, వాటిని మీ స్థలంలోనే ముగించండి. వీధి కాలవ మీద కట్టిన ర్యాంపును పంచాయతీ తీసేయమంటే తీసేయాల్సిందే.

5. కరెంటు: కట్టేటప్పుడు ఒకటి, కట్టాక ఒకటి

కట్టుబడి మొదలైన రోజునే చాలామంది చేసే పని, పొలం మోటారు కనెక్షన్ నుంచో పక్కింటి నుంచో వైరు లాగి నీళ్లు కొట్టుకోవడం. వ్యవసాయ సర్వీసును ఇల్లు కట్టడానికి వాడితే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద లెక్క కడతారు: వర్తించే రేటుకు రెట్టింపు, ఎప్పట్నుంచి వాడుతున్నారో తేలకపోతే ఏకంగా 12 నెలలకు. తాత్కాలిక సర్వీసు తీసుకోండి. దానికయ్యేది ఈ జరిమానా ముందు లెక్కలోకి రాదు.

పొలంలో ఇల్లు కట్టేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయ ఫీడర్లకు (పొలాలకు కరెంటిచ్చే లైన్లకు) రోజుకు 9 గంటలే కరెంటు. మీ ఇంటి దగ్గరున్న స్తంభం ఆ ఫీడరుదైతే రాత్రి ఫ్యాను తిరగదు. ఊరి ఫీడరు నుంచి లైను రావాలి, ఎన్ని స్తంభాలు పడితే అంత ఖర్చు. స్థలం కొనేముందే ఆ స్తంభం ఏ ఫీడరుదో లైన్‌మన్‌ను అడగండి.

ఇల్లు పూర్తయ్యాక గృహ అవసరాల సర్వీసుకు మీసేవలోనో, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) వెబ్‌సైట్లోనో దరఖాస్తు పెట్టండి. లోడు నిజాయితీగా రాయండి. ఏసీ, గీజరు, బోరు మోటారు అన్నీ ఉంచుకుని ఒక కిలోవాట్ రాస్తే తర్వాత అదనపు లోడు నోటీసు వస్తుంది. వినియోగదారుల హక్కుల నిబంధనలను 2024లో సవరించారు, దాని ప్రకారం గ్రామాల్లో పూర్తి దరఖాస్తు అందిన 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. కొత్తగా లైను వేయాల్సి వస్తే ఇంకా పడుతుంది. ఆలస్యమైతే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

వైరింగ్ లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఎర్తింగ్ గుంత వాడుక నీళ్లు పడేచోట, తడి ఆరకుండా ఉండేలా తీయించండి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. పల్లె ఇళ్లలో షాకు కొట్టేది ఎక్కువగా దండెం తీగ, మోటారు గొట్టం, తడి గోడ. వీటికి ఫ్యూజు పనికిరాదు, ఆర్‌సీసీబీ ఒక్కటే క్షణంలో ఆపుతుంది.

6. గృహప్రవేశం అయ్యాక

పంచాయతీలో ఇంటి నంబరు, పన్ను అసెస్‌మెంటు వేయించండి. దస్తావేజు, పన్ను, మీటరు మూడింట్లోనూ పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరాల్లో, ఇంకోచోట పూర్తిగా ఉంటే లోను దగ్గరా, పీఎం సూర్యఘర్ సౌర సబ్సిడీ దగ్గరా అదే కొర్రీ పెడతారు. కట్టుబడికి తీసుకున్న తాత్కాలిక సర్వీసును రద్దు చేయించి డిపాజిట్ వాపసు అడగండి. అడక్కపోతే అది అక్కడే ఉండిపోతుంది. అలాగే పైపులు పూడ్చేముందు, ప్లాస్టరింగుకు ముందు, ప్రతి గోడా ప్రతి గుంతా పక్కన టేపు పెట్టి ఫొటో తీసి ఉంటే వాటిని ఫోనులో వదిలేయకుండా ప్రింటు వేయించి ప్లానుతో కలిపి ఫైల్లో పెట్టండి. మేకు కొట్టేటప్పుడూ, సెప్టిక్ మూత వెతికేటప్పుడూ మేస్త్రీ ఊళ్లో ఉండడు.